పైకి పోయిన శాంపిల్‌కు జవాబు ఊరికి రావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

ఎక్కడన్నా విరేచనాలు ప్రబలినా, అంతుపట్టని జ్వరం వచ్చినా మూడో రోజుకో నాలుగో రోజుకో పేపర్లో వార్త చూస్తుంటాం, ఢిల్లీ నుంచి కేంద్ర బృందం వచ్చింది, ఇంటింటికీ తిరిగింది, శాంపిల్స్ తీసుకుంది అని. ఫొటో కూడా వేస్తారు. ఆ శాంపిల్స్‌లో చివరికి ఏం తేలిందో చెప్పే వార్త కోసం నేను ఆ తర్వాత రోజూ వెతుకుతాను, చాలాసార్లు కనపడదు. తప్పు మీదని అనడం లేదు, చెప్పాల్సినవాళ్లు చెబితే కదా మీరు రాసేది. ఈ ఉత్తరం ఆ చెప్పాల్సినవాళ్ల గురించే.

నేను కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, పత్తికొండ, ఆలూరు వైపు, ఏఎన్ఎంగా చేరి హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసు. ఊళ్లలో ఇప్పటికీ నర్సమ్మ అనే పిలుస్తారు.

పోయిన వానాకాలం మా సొంత ఊళ్లో జరిగింది ముందు చెప్తాను. ఒక గురువారం తెల్లవారుజామున కాలనీలో ముగ్గురు పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పొద్దెక్కేసరికి పదిమంది దాటారు, రాత్రికి ముసలివాళ్లు కూడా పడ్డారు. మర్నాడు బడిలోనే మెడికల్ క్యాంపు పెట్టి, బెంచీలు కలిపి పడుకోబెట్టి, కిటికీ చువ్వలకు సెలైన్ బాటిళ్లు కట్టారు. దేవుడి దయ, ఎవరి ప్రాణమూ పోలేదు. ఇంట్లో కూర్చోలేక నేనూ పోయి ఓఆర్ఎస్ కలిపి తాగిస్తూ ఉన్నాను. ల్యాబ్ అబ్బాయి కొళాయి నీళ్లు ఒక సీసాలో, ట్యాంకు నీళ్లు ఒక సీసాలో పట్టాడు, విరేచనం శాంపిల్ దూదిపుల్లతో తీసి, ల్యాబ్ చేరేదాకా క్రిములు చావకుండా ఉంచే క్యారీ బ్లెయిర్ మీడియం ఉన్న ట్యూబులో పెట్టాడు, బడి వంటగదిలోంచి పప్పు, నూనె కూడా డబ్బాల్లో తీసుకున్నాడు. ప్రతిదాని మీదా పేరు, తేదీ, టైము రాసి ఐస్ బాక్సులో సర్దాడు. పని పద్ధతిగా చేశాడు, నేనే భుజం తట్టాను. ఆ బాక్సు జీపెక్కి పోయింది. అంతే, తర్వాత దాని ఊసే లేదు.

మొదట పడింది పిల్లలు కాబట్టి ఊరంతా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె మీద విరుచుకుపడింది. బడి గడప తొక్కని అవ్వలకు కూడా వచ్చింది కదా, వాళ్లెప్పుడు తిన్నారు ఆ అన్నం అని నేను అడిగితే వినేవాళ్లు లేరు. మురికికాలువలో మునిగి ఉన్న పైపు జాయింటుకు సైకిల్ ట్యూబు చుట్టి కట్టిన సంగతి అందరూ చూసిందే. కానీ పైపుతో ఎవరు పోట్లాడతారు? మనిషి ఎదురుగా ఉంది. వారం తిరక్కుండా ఆమెను వంట పని నుంచి తీసేశారు. ఆ రోజు సాయంత్రం ఆమె మా ఇంటి అరుగు మీద కూర్చుని నన్ను ఒకటే అడిగింది. "అక్కా, ఆ డబ్బాలో ఏం తేలిందో కాగితం తెప్పియ్యి. నా పప్పులో ఉంటే నేనే ఇంకెప్పుడూ గరిటె పట్టను. నీళ్లలో ఉంటే ఆ మాట ఊరి ముందర చెప్పమను."

ఇన్నేళ్లు పనిచేసినదాన్ని కదా, నాలుగు ఫోన్లు చేస్తే తెలియకపోతుందా అనుకున్నాను. ఒకరు రిపోర్టు పైకి పంపామన్నారు. ఇంకొకరు పోర్టల్లో ఎక్కించాం మేడం అన్నారు. మరి ఊరికి ఎప్పుడు చెప్తారమ్మా అంటే, "ఊరికి చెప్పినట్టు రాసే కాలమ్ ఏదీ లేదు మేడం" అంది ఆ అమ్మాయి. ఎగతాళికి అనలేదు, ఉన్నమాటే చెప్పింది. ఆ మాటకు నాకు రెండు రాత్రులు నిద్రపట్టలేదు, ఎందుకంటే ఏళ్ల తరబడి ఆ ఫారాలు నింపిన చేతులు నావి కూడా.

చాలామందికి తెలియదు కాబట్టి ఆ ఫారాల సంగతి కొంచెం చెప్పాలి. 1994లో సూరత్‌లో ప్లేగు అన్నప్పుడు అది ప్లేగు అవునా కాదా అన్న వాదన తెగక ముందే లక్షలమంది మూటాముల్లె సర్దుకుని రైళ్లెక్కారు. దేశంలో రోగాల మీద కన్నేసి ఉంచే ఏర్పాటు సరిగా లేదని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. 2004లో కేంద్రం ఐడీఎస్పీ అనే పథకం పెట్టింది. ఏఎన్ఎం ఎస్ ఫారం నింపాలి, డాక్టరు పీ ఫారం, ల్యాబ్ ఎల్ ఫారం. జ్వరాలెన్ని, విరేచనాలెన్ని, కామెర్లెన్ని, ఒక్క కేసూ లేకపోయినా నిల్ అని రాసి వారం వారం పంపాల్సిందే. అది పీహెచ్‌సీకి, అక్కడి నుంచి జిల్లాకు, రాష్ట్రానికి, ఢిల్లీలో జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రానికి, అంటే ఎన్‌సీడీసీకి, పోతుంది. 2018 నుంచి అదే ఆన్‌లైన్ పోర్టల్ అయింది, ముందుగా మొదలుపెట్టిన కొద్ది రాష్ట్రాల్లో మనదీ ఒకటి. ఇప్పుడు వారం దాకా ఆగక్కర్లేదు, ఏ ఊళ్లో ఏ రోజు ఎంతమంది పడ్డారో అదే రోజు ఢిల్లీలో కంప్యూటర్ మీద కనపడుతుంది. ఇది మంచి ఏర్పాటు. నేను దీన్ని తిట్టడానికి రాయడం లేదు. ఎండలో తిరిగి తెచ్చిన మా లెక్క ఎక్కడో ఒకరికి పనికొస్తుందన్న నమ్మకంతోనే అన్నేళ్లూ రాశాను.

ఐడీఎస్పీ వాళ్లు తమ వెబ్‌సైట్లో వారం వారం ఒక పట్టిక కూడా పెడుతూ వచ్చారు. రాష్ట్రం, జిల్లా, జబ్బు, కేసులు, మరణాలు, మొదలైన తేదీ, రిపోర్టు చేసిన తేదీ. ప్రస్తుత పరిస్థితి అని ఒక గడి, అందులో 'అదుపులో ఉంది' అనో 'నిఘాలో ఉంది' అనో ఉంటుంది. అంతా ఇంగ్లీషు. మా ఊరి పేరు అందులో ఉందనుకోండి, మా ఊళ్లో ఎవరు చదువుతారు దాన్ని? ఢిల్లీ లెక్క ప్రకారం అదుపులోకి వచ్చిందంటే పని అయిపోయింది. మా వంటామెకు ఇంకా మొదలే కాలేదు.

ఇదే ఢిల్లీ సంస్థ, ఎన్‌సీడీసీ, ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. నేను కళ్లారా చూశాను కాబట్టి గట్టిగా అంటున్నాను.

1986లో నేను ఉద్యోగంలో చేరేనాటికి మన సీమ పల్లెల్లో నారికురుపు ఉండేది. ఈ కాలం పిల్లలకు ఆ పేరే తెలియదు, అదే ఒక పెద్ద విజయం. దిగుడు బావిలోకి మెట్లు దిగి, కాళ్లు నీళ్లలో పెట్టి కడవ ముంచుకునే రోజులవి. కాలికి పుండు ఉన్న మనిషి నీళ్లలో దిగితే పుండులోంచి పురుగు పిల్లల్ని వదులుతుంది, వాటిని నీటిలో ఉండే కంటికి ఆనీ ఆనని సన్నటి నీటి పురుగులు మింగుతాయి, ఆ నీళ్లు తాగినవాడికి సుమారు ఏడాది తర్వాత మడమ దగ్గరో పిక్క మీదో బొబ్బ లేస్తుంది, అది పగిలితే లోపలి నుంచి తెల్ల దారంలాంటి నారి తల బయటపెడుతుంది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి రోజుకు ఒక వేలెడంత, తొందరపడకుండా, తిప్పుకుంటూ రావాలి. తెగిందా, కాలు వాచి మనిషి నెలల తరబడి మంచం దిగడు. సరిగ్గా సేద్యం పనుల వేళకే ఇంటి పెద్ద పడిపోతే ఆ ఏడాది ఆ ఇల్లు పస్తులే. నా చేత్తో ఒక ముసలి రైతు కాలికి ఇరవై రోజులు పుల్ల తిప్పాను. ఆయన నొప్పికి కాదు, విత్తనం పదును పోతోందని ఏడ్చేవాడు.

దానికి టీకా లేదు, మందు బిళ్ల లేదు. 1983-84లో కేంద్రం నారికురుపు నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టి, ఇప్పటి ఎన్‌సీడీసీకి, అప్పటి పేరు ఎన్ఐసీడీ, ఆ బాధ్యత అప్పగించింది. ఢిల్లీ వాళ్లు పద్ధతి చెప్పారు, రాష్ట్రం మనుషుల్ని ఇచ్చింది, మేము ఇల్లిల్లూ తిరిగి కేసులు వెతికాం. నీళ్లు వడగట్టుకోవడానికి సన్నబట్ట ఇచ్చాం, బావుల్లో ఆ నీటి పురుగుల్ని చంపే అబేట్ మందు కలిపాం, దిగుడు బావుల మెట్లు మూసి గిలకలు పెట్టారు, బోరింగులు వేశారు.

ఢిల్లీ నుంచి ఒకసారి ఒక డాక్టరు వచ్చాడు. తెలుగు ఒక్క ముక్క రాదు. బావి మెట్ల మీద కూర్చుని గాజు గ్లాసులో నీళ్లు ముంచి, ఎండకు ఎత్తి పట్టుకుని, భూతద్దం పెట్టి, అందులో గిలగిలా తిరిగే పురుగుల్ని ఒక్కొక్కరినీ పిలిచి చూపించాడు. ఆడవాళ్లు చూసి, ఇవా మేం తాగేది అని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. పోయేముందు ఆయన మాతో ఒక పని చేయించాడు. చావిడి గోడ మీద పోయిన ఏడు ఎంతమందికి వచ్చింది, ఈ ఏడు ఎంతమందికి అని పెద్ద అక్షరాలతో సున్నంతో రాయించాడు. ప్రతి రౌండు తర్వాత ఆ అంకె మార్చే పని నాది. చదువు రానివాళ్లు కూడా ఆగి, ఎంతయింది నర్సమ్మా అని అడిగేవాళ్లు. అంకె తగ్గేకొద్దీ వడగట్టే బట్ట అడిగి మరీ తీసుకుపోయేవాళ్లు. దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో, 2000లో డబ్ల్యూహెచ్ఓ మన దేశంలో నారికురుపు లేదని సర్టిఫికెట్ ఇచ్చింది. ఆ సర్టిఫికెట్‌లో మా చావిడి గోడకు కూడా భాగం ఉందని నేను ఈ రోజుకూ నమ్ముతాను.

అంకె ఆ ఊరివాళ్లకు చెందుతుందని ఆ డాక్టరుకు తెలుసు. ఇప్పుడు అంకె పోర్టల్‌కు చెందుతుంది. నాకున్న బాధంతా ఇదే.

ఆరోగ్యం రాష్ట్రాల పని, కేంద్రం సలహా మాత్రమే ఇస్తుంది అని కొందరు అంటారు. రాజ్యాంగంలో ప్రజారోగ్యం, ఆస్పత్రులు రాష్ట్ర జాబితాలో ఉన్న మాట నిజమే. కానీ ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అంటురోగం పాకకుండా చూడడం ఉమ్మడి జాబితాలో ఉంది, దాన్ని ఊరికే పెట్టలేదు. మా జిల్లా మ్యాప్ చూడండి, ఒక పక్క బళ్లారి, ఇంకో పక్క తుంగభద్ర దాటితే తెలంగాణ. సుగ్గికి గుంటూరు పోయేవాళ్లు, బెంగళూరులో కట్టడం పనికి పోయేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. రోగానికి చెక్‌పోస్టు తెలియదు. 2021 మేలో, కోవిడ్ అప్పుడు, పుల్లూరు టోల్‌గేటు దగ్గర ఏం జరిగిందో కర్నూలు వాళ్లు మర్చిపోలేదు. హైదరాబాద్ ఆస్పత్రులకు పోయే ఆంబులెన్సుల్ని లోపల మనుషులు ఊపిరాడక కొట్టుకుంటున్నా సరిహద్దులో ఆపేశారు. అవి కదలడానికి తెలంగాణ హైకోర్టు స్టే ఇవ్వాల్సి వచ్చింది. రెండు రాష్ట్రాల మధ్య మాట్లాడాల్సింది ఎవరు? లాక్‌డౌన్‌కు దేశమంతటికీ ఒకే ఆర్డరు ఇవ్వగలిగిన కేంద్రం, ఆక్సిజన్ పెట్టుకున్న మనిషి పక్క రాష్ట్రంలోకి పోవచ్చని మొదటి గంటలోనే ఎందుకు గట్టిగా చెప్పలేదు?

కేంద్ర సంస్థలు ఏదీ చేయవని నేను అనను. 2018లో కోజికోడ్‌లో నిపా వచ్చినప్పుడు మణిపాల్‌లోని ప్రైవేటు ల్యాబ్, పుణెలో కేంద్రం నడిపే వైరస్ పరిశోధన సంస్థ ఎన్ఐవీ రోజుల్లోనే తేల్చి చెప్పాయి, ఏ జబ్బో తెలిసింది కాబట్టే కేరళ వాళ్లు ఎవరెవరిని కలిశారో వెతికి పట్టుకుని ఆపగలిగారు. 2020 ఏప్రిల్‌లో చైనా నుంచి వచ్చిన ర్యాపిడ్ కిట్లు సరిగా చూపించడం లేదని రాష్ట్రాలు చెబితే, కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ వాటిని వాడొద్దని అందరికీ వినపడేలా చెప్పింది. అప్పటికి రాష్ట్రంలో ఎక్కువ కేసులు మా కర్నూల్లోనే ఉండేవి, నేను కంటెయిన్‌మెంట్ జోన్లో ఇంటింటి సర్వే చేస్తున్నాను. తప్పు జరిగింది, ఆపండి అని చెప్పిన ఆ ఒక్క మాటతో మా మీద జనానికి నమ్మకం తగ్గలేదు. టెస్టు ఇచ్చి రిజల్టు కోసం రోజుల తరబడి క్వారంటైన్‌లో కూర్చున్నవాళ్లు మాత్రం మమ్మల్ని నానా మాటలూ అన్నారు, మాకేం తెలుసని చెప్పగలం? ఆ టెన్షన్ గుర్తొస్తే ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

ఏలూరు సంగతి కూడా చూడండి. 2020 డిసెంబరులో వందలమంది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు. ఎయిమ్స్, ఎన్ఐవీ, ఎన్‌సీడీసీ నిపుణులు వచ్చారు, హైదరాబాద్ నుంచి జాతీయ పోషకాహార సంస్థ ఎన్ఐఎన్ వచ్చింది. రక్తంలో సీసం, నికెల్ అన్నారు, తర్వాత పురుగుమందుల అవశేషాలు అన్నారు. అంతమంది పెద్దవాళ్లు వచ్చి పరీక్షలు చేశాక, ఇది ఇందువల్ల వచ్చింది, మీ ఇంట్లో ఇది మార్చుకోండి అని ఏలూరులో కూరగాయలు అమ్మే మనిషికి అర్థమయ్యే ఒక్క పేజీ తెలుగులో ఇంటింటికీ ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది.

చెబితే జనం భయపడతారంటారు. నా అనుభవంలో జనం భయపడేది తెలియనప్పుడే. మా ఊళ్లో ఏమీ చెప్పకపోతే ఏమైంది? ఒకామె బతుకుతెరువు పోయింది, సగం ఊరు క్యాన్ నీళ్లు కొనడం మొదలుపెట్టింది, కొనలేని కాలనీవాళ్లు అదే కొళాయి నీళ్లు తాగుతున్నారు, పైపు జాయింటుకు సైకిల్ ట్యూబు అలాగే ఉంది.

అమెరికాలో సీడీసీ అనే సంస్థ ఉంది, అదీ మన ఎన్‌సీడీసీ లాగే మలేరియాతో పుట్టింది. మనది 1909లో కసౌలిలో మలేరియా బ్యూరోగా మొదలైతే వాళ్లది 1946లో అట్లాంటాలో. వాళ్లు వారం వారం ఒక సన్నటి రిపోర్టు వేస్తారు. 1981 జూన్ 5న అందులో లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు కుర్రవాళ్లకు మామూలుగా రాని న్యుమోనియా వచ్చిందని ఒక చిన్న నివేదిక వచ్చింది. అదే తర్వాత ఎయిడ్స్ అని ప్రపంచానికి తెలిసింది. కారణం తేలేదాకా ఆగుదాం అనుకోలేదు, ఐదుగురే కదా అనుకోలేదు. ఆ సంస్థా తప్పులు చేసింది, 2020 ఫిబ్రవరిలో వాళ్లు పంపిన కోవిడ్ టెస్టు కిట్లే సరిగా పనిచేయక వారాలు వృథా అయ్యాయి. కానీ తెలిసినంతవరకు బయటపెట్టే అలవాటు మంచి అలవాటు, అది నేర్చుకోవడానికి మనకు డబ్బులు కూడా అక్కర్లేదు.

మన అంటురోగాల చట్టం 1897 నాటిది, బొంబాయి ప్లేగు అప్పుడు తెల్లవాళ్లు చేసింది. ప్రభుత్వం ఎవరిని ఆపొచ్చు, ఎవరిని తనిఖీ చేయొచ్చు అని అందులో ఉంది. 2020లో దాన్ని సవరించి మా మీద చేయి చేసుకుంటే శిక్ష అని చేర్చారు, అది చాలా అవసరం, సంతోషం. జనానికి ఏం చెప్పాలన్నది మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

కొత్త చట్టం వచ్చేదాకా ఆగమని నేను అడగడం లేదు. ఎన్‌సీడీసీని, కేంద్ర ఆరోగ్య శాఖను నేను అడిగేది చాలా చిన్నది. ఆ పోర్టల్లో ఒక కాలమ్ పెట్టండి, 'ఫలితం ఊరికి చెప్పిన తేదీ' అని. అది నింపందే కేసు మూయకూడదు. పదిరోజుల్లో ఇంకా ఏమీ తేలకపోతే తేలలేదనే చెప్పండి, దాన్నీ తేదీతో రాయండి. మా శాఖలో ఇన్నేళ్లు పనిచేసినదాన్ని కాబట్టి చెప్తున్నాను, కాలమ్ ఉంటే ఆ పని ఎవరో ఒకరు చేస్తారు, లేకపోతే ఎంత మంచివాళ్లకైనా గుర్తురాదు. చెప్పే కాగితం తెలుగులో ఉండాలి, ఊరి సచివాలయం బోర్డు మీద అంటించాలి, ఆశా కార్యకర్త కాలనీలో చదివి వినిపించాలి. పేషెంట్ల పేర్లు అక్కర్లేదు, నీళ్లలో ఉందా, తిండిలో ఉందా, ఇంకేదన్నానా, ఇప్పుడు ఏం చేయాలి, అది చాలు. ఎన్‌సీడీసీకి రాజమహేంద్రవరంలో శాఖ కూడా ఉంది, తెలుగులో రాయించడం వాళ్లకు కష్టం కాదు.

రాష్ట్ర ఆరోగ్య శాఖ కేంద్రం కోసం చూడకుండా తనే మొదలుపెడితే ఇంకా మంచిది. ఎవరు ముందు చేస్తే వాళ్లకు దండం పెడతాను.

మా వంటామె ఇప్పుడు పొద్దున్నే పత్తి చేలకు కూలికి పోతోంది. ఆ కాగితం సంగతి పదిరోజులకోసారి అడుగుతూనే ఉంది. సమాచార హక్కు కింద దరఖాస్తు రాసిచ్చాను, వేలిముద్ర కాదు, వణుకుతూ వణుకుతూ సంతకమే పెట్టింది. దానికి జవాబు వస్తే మీకు తప్పకుండా పంపిస్తాను, దయచేసి వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజర్,
కర్నూలు జిల్లా